కారు రేడియేటర్ కారుతుంటే టంకం పెట్టించాలా, కొత్తది వేయించాలా?

సాలూరు దాటి కోరాపుట్ వైపు 26వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే సుంకి ఘాట్ వస్తుంది. ముందు లోడు లారీ పాకుతుంటే వెనక కారు రెండో గేరులో ఈడ్చుకుంటూ ఎక్కాలి. ఇంజిన్‌కి పని ఎక్కువ, ఇంజిన్ నీళ్లని చల్లార్చే రేడియేటర్‌కి తగిలే గాలి తక్కువ. మైదానంలో దాక్కున్న లోపం ఇక్కడ బయటపడుతుంది. జయపురం, కోరాపుట్ వైపు మనవాళ్లు రేడియేటర్ గురించి తెగ టెన్షన్ పడేది ఇందుకే.

చిన్న చిల్లే కదా, నీళ్లు పోసుకుంటూ పోదాం అంటారు. కానీ కారేది నీళ్లే కాదు, ఒత్తిడి కూడా. మూత బిగించిన రేడియేటర్ ప్రెషర్ కుక్కర్ లాంటిది. చాలా కార్లలో ఆ మూత సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలుపుతుంది. అప్పుడు ఉత్త నీళ్లయినా 120 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొచ్చేదాకా మరగవు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. ఒత్తిడి పోతే అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇంజిన్ మామూలుగా నడిచేదే 90 ప్రాంతంలో! నీళ్ల బదులు ఆవిరి చేరినచోట లోహం వేడి దిగదు. సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగుతుంది, దాని కింద సీలులా ఉండే గాస్కెట్ పోతుంది. ఆ బిల్లు ముందు రేడియేటర్ ధర ఏ మూలకీ రాదు.

అంబాసిడర్ల కాలపు రేడియేటర్లు రాగి, ఇత్తడివి. టంకం పెడితే ఏళ్లు నడిచేవి. ఇప్పటివి చాలావరకు అల్యూమినియం కోర్ (నీళ్లు పారే సన్నటి ట్యూబులున్న మధ్య భాగం), ప్లాస్టిక్ ట్యాంకులు. అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది, టంకం పట్టదు. ఫ్యాక్టరీలో దీన్ని 600 డిగ్రీల కొలిమిలో అతికిస్తారు. షెడ్డులో మంట పెడితే ఒక ట్యూబు అతికేలోపు పక్కది కరగొచ్చు. పగిలిన ట్యాంకుకి ఎపాక్సీ జిగురు ముద్ద ఇల్లు చేరేదాకానే. కోర్ బాగుండి, ట్యాంకు రబ్బరు మాత్రమే కారుతుంటే, మంచి పనివాడు దొరికితే అది మార్పించడం లాభమే.

అసలు చూడాల్సింది కోర్ లోపల. ఏళ్లపాటు బోరు నీళ్లు పోస్తే ట్యూబుల్లో సున్నపు పొర పేరుకుంటుంది. అల్యూమినియంతో పోలిస్తే అది వేడిని మోసేది చాలా తక్కువ. ఇంజిన్ వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కోర్ అంతా చూపించండి. మధ్యమధ్యలో చల్లటి పట్టీలు కనిపిస్తే అక్కడ ట్యూబులు మూసుకుపోయినట్టే. ఇక చిల్లు పూడ్చి లాభం లేదు, కొత్తది వేయించాల్సిందే. లీకు ఆపే పొడులంటే నాకు నమ్మకం లేదు: చిల్లేదో, సన్నటి దారేదో వాటికి తెలియదు.

డబ్బు తీసేముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి ఎక్కడ కారుతోందో చూడటం) చేయించండి. తప్పు ఒక్కోసారి మూత రబ్బరుదో, హోస్‌దో, వాటర్ పంపుదో అవుతుంది. ట్యూబుల మధ్య ఉండే పల్చటి రేకులు (ఫిన్స్) వంగితే నిదానంగా సరిచేస్తే చాలు. ఆటోమేటిక్ కారులో గేరు ఆయిల్ పాలు కలిపినట్టు కనిపిస్తే మాత్రం ఆలోచించకండి: చాలా మోడళ్లలో ఆ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ ట్యాంకులోనే, లోపల ఆయిలూ, రేడియేటర్ నీళ్లూ కలిసిపోయాయన్నమాట. రేడియేటర్ మార్చి, గేర్‌బాక్స్ కూడా కడిగించాలి.

కొత్తది వేశాక డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయించి, లోపలి గాలంతా తీయించాకే ఘాట్ ఎక్కండి.