బెంచీలిమ్మన్నారు, కుర్చీ వేయడానికి మాత్రం యాభై ఏళ్ళు పట్టింది

చెన్నై సర్కారు బడుల్లో ఎస్ఎంసీ (తల్లిదండ్రులు కూడా కూర్చునే బడి నిర్వహణ కమిటీ) మీటింగుల మాట ఎత్తితే చాలు, "పేరెంట్స్ రారండీ, వాళ్ళకి పట్టదు" అని ఎవరో ఒకరు అనేస్తారు. మన తెలుగువాళ్ళ మీద ఈ నింద ఇంకాస్త ఎక్కువ. అయితే ఇన్నేళ్ళూ బడి వీళ్ళని దేనికోసం పిలిచిందో చూడకుండా ఆ మాట అనేయడం అన్యాయం.

1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు (టీ నగర్ పేరులో ఉన్న త్యాగరాయ ఈయనే, తెలుగింటి మనిషి) థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి టిఫిన్ పెట్టించారు, తలకి రోజుకి అణా దాటకూడదన్న షరతుతో. పేదవాళ్ళు పిల్లల్ని ఎందుకు పంపడం లేదో ఆ రోజుల్లోనే ఒకరికి అర్థమైందన్నమాట. ప్రాథమిక విద్యా నిధిలోంచి ఈ ఖర్చు కుదరదని బ్రిటిష్ ప్రభుత్వం అనడంతో 1925లో అది ఆగిపోయింది.

మళ్ళీ 1956లో, కామరాజ్ హయాంలో, మధ్యాహ్న భోజనం వచ్చింది. ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిది, మిగతాది ఊరివాళ్ళది. ఆ తర్వాత 1958 నుంచి విద్యాశాఖ డైరెక్టర్ సుందరవడివేలు బడుల అభివృద్ధి మహానాడులు మొదలుపెట్టారు. ఊరంతా కూడి బడికి బెంచీలు, నల్లబల్లలు, గడియారాలు, యూనిఫాం గుడ్డలు ఇచ్చేవాళ్ళు. గొప్ప పనే, కాదనను, కానీ అందులో జనం దాతలు. టీచర్లు సరిపోతున్నారా, వచ్చిన డబ్బు ఎటు పోతోంది అని అడిగే హక్కు ఆ బెంచీలతో పాటు రాలేదు. తర్వాత పీటీఏలు (తల్లిదండ్రులు, టీచర్ల సంఘాలు) వచ్చినా చాలామందికి పీటీఏ అంటే అడ్మిషన్ రోజు కట్టే చందాయే!

ఆ హక్కు చట్టంగా వచ్చింది 2010 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టంతో. అందులోని 21వ సెక్షన్ ప్రకారం ఎస్ఎంసీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి, వెనకబడ్డ వర్గాలకి వాళ్ళ సంఖ్యకి తగ్గ చోటు ఉండాలి. తమిళనాడులో చాలా ఏళ్ళు ఇది కాగితం మీదే నడిచింది. 2022లో 20 మందితో కమిటీలను కొత్తగా వేశారు, అందులో 15 మంది తల్లిదండ్రులు.

ఇప్పుడు మన సంగతి. ఉత్తర చెన్నైలో పారిశుధ్య పనిచేసే తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. తెల్లారకముందే డ్యూటీకి పోతారు. తమిళం మాట్లాడతారు, ఆ మాటకొస్తే కొందరికి తెలుగు కన్నా అదే బాగా వచ్చు, కానీ సర్క్యులర్ చదవాలంటే చాలామంది అమ్మలకి కష్టం. అది చదివి చెప్పే మనిషి కాలనీలో ఒకరుంటే చాలు, యువజన సంఘమో, కాలేజీకెళ్ళే అక్కో. మీటింగ్ సాయంత్రం పెడితే సగం పని అయినట్టే.

తెలుగు పేరెంట్స్‌కి పట్టదనేవాళ్ళు ఇంకో విషయం మరిచిపోతారు. బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 తమిళ అభ్యాస చట్టం ఒక్కో తరగతీ ఎక్కుతూ 2015-16కి పదో తరగతిని చేరింది. భాషా మైనారిటీ పిల్లలు పబ్లిక్ పరీక్షలో తమిళం రాయాల్సి వచ్చేసరికి తెలుగు, ఉర్దూ, కన్నడ మీడియం వాళ్ళు హైకోర్టుకెళ్ళి మినహాయింపు తెచ్చుకున్నారు, 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. భాషా సంఘాలు వెనక నిలబడ్డాయి కాబట్టే అది జరిగింది. అదే సంఘాలు నెలవారీ ఎస్ఎంసీ మీటింగుల వైపు చూడటం అరుదు. కోర్టు కేసంటే ఊపు ఉంటుంది, పాడైన టాయిలెట్ గురించి మీటింగులో కూర్చోవడంలో ఏముంటుంది!

ఇదంతా సర్కారు బడులూ, ఎయిడెడ్ బడుల మాటే. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకి 21వ సెక్షన్ వర్తించదు. మన మధ్యతరగతి పిల్లల్లో చాలామంది చదివేది అక్కడే, అక్కడ పేరెంట్స్ మాట ఎంతవరకు చెల్లుతుందన్నది మేనేజ్‌మెంట్ ఇష్టం.