మూడు రోజుల్లో తగ్గించే ట్యూబు: గడ్డ మొటిమల మీద అపోహలు - వాస్తవాలు

సద్దుల బతుకమ్మ దగ్గర పడితే చాలు, అక్క పెళ్లి కుదిరితే చాలు, హనుమకొండలో ఏ చర్మ క్లినిక్‌లో చూసినా ఒకే రకం ముఖాలు. బుగ్గలు ఎర్రగా పలచబడి ఎండలోకి పోతే మండుతుంటాయి. దవడ పొడుగునా ముట్టుకుంటే నొప్పి పెట్టే గడ్డలు. వయసు పదిహేనో పదహారో. చేతిలో సగం వాడిన ట్యూబు.

అపోహ: "మెడికల్ షాపాయన ఇచ్చిన క్రీము మూడు రోజుల్ల తగ్గించింది. మందు పనిచేసినట్టే కద మేడం?"

వాస్తవం: పనిచేసింది ఎరుపు మీద, మొటిమ మీద కాదు. ఆ ట్యూబు మీది చిన్నక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్ ఇవన్నీ స్టిరాయిడ్లే. రక్తనాళాలు ముడుచుకునేలా చేసి వాపును అణచిపెడతాయి, అంతే. గడ్డ మొటిమలో వెంట్రుక కుదురు గోడ చర్మం లోపలే పగిలి, సెబమ్ (చర్మం ఊరించే నూనె), మృతకణాలు చుట్టూ కారి ఉంటాయి. ఆ పూడిక అట్లనే ఉంటుంది. వారాల తరబడి పూస్తే చర్మం పలచనై సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, అన్నీ ఒకే సైజులో కొత్త పొక్కులు లేస్తాయి. ఆపగానే మంట, దురద, మొదటికంటే ఎక్కువ మొటిమలు. "ఆపితే పెరుగుతోంది, నాకు ఇదే పడుతుంది" అని మళ్లీ అదే కొంటారు. నష్టమంతా ఈ ఒక్క మాట దగ్గరే.

2018లో చాలా స్టిరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు. తెల్లబడతామని వాడే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టిరాయిడ్ మూడూ కలిపిన క్రీముదీ ఇదే కథ.

నెలల తరబడి పూసినవాళ్లు డాక్టరుకు చూపించే ఆపండి. ఆపాక కొన్ని వారాలు ముఖం ఇంకా పాడైనట్టే కనిపిస్తుంది. పిల్ల ఏడుస్తుంది, అమ్మ భయపడుతుంది. మందు వికటించి కాదు, అలవాటు వదిలేటప్పుడు అట్లనే ఉంటుంది. ఆ రోజుల్లో సబ్బు, స్క్రబ్, నిమ్మరసం, శెనగపిండి ఏదీ వద్దు. వాసన లేని మాయిశ్చరైజరు, సన్‌స్క్రీన్, డాక్టరు రాసినవి చాలు.

ఒక తిరకాసు: పెద్ద గడ్డలోకి ట్రయామ్సినోలోన్ బాగా పలచన చేసి ఒక్క చుక్క ఇంజెక్షన్ మా చర్మ డాక్టర్లమే ఇస్తాం. అదీ స్టిరాయిడే. లోపలి వాపు మీదికి, కొలిచి, ఒకసారి ఇచ్చేది వేరు. ముఖమంతా రోజూ రుద్దేది వేరు.

అపోహ: "ఎక్కువ పర్సెంట్ అయితే తొందరగా పోతది."

మొటిమల మీద పూసే బెంజాయిల్ పెరాక్సైడ్ సున్నితమైన చర్మానికి 2.5 శాతం చాలు. 10 శాతం మంటను పెంచుతుంది, ఫలితాన్ని అంతగా పెంచదు. ఐదు నిమిషాలు ఉంచి కడిగేసినా పనిచేస్తుంది. తువ్వాలు, దిండు గలీబు రంగు వెలిసిపోతాయి, తెల్లవే వాడండి. మొటిమలకే పూసే ఇంకో మందు అడాపలీన్ 0.1 శాతం ముఖం మొత్తానికి బఠానీ గింజంత. ముందు మాయిశ్చరైజరు రాసి, ఆరాక, మొదటి రెండు వారాలు మూడు రాత్రులకు ఒకసారి. గడ్డ మీద మాత్రమే చుక్క పెడితే లాభం లేదు. ఎనిమిది వారాలు తిరగకముందే "పని చేస్తలేదు" అనకండి.

అపోహ: "మొటిమల మాత్ర ఐసోట్రెటినాయిన్ వేసుకుంటే రేపు పిల్లలు పుట్టరు."

పుడతారు. మందు వాడుతుండగా గర్భం వస్తేనే బిడ్డకు తీవ్రమైన లోపాలొస్తాయి, అందుకే మొదలుపెట్టేముందు గర్భం లేదని పరీక్ష చేస్తాం, ఆపాక ఇంకో నెల వరకూ గర్భం రాకూడదు. లోతైన గడ్డలకు, మచ్చ పడుతున్న ముఖానికి దీన్ని మించింది లేదు. సున్నితమైన చర్మానికి తక్కువ డోసుతో మొదలు. కోర్సు మొత్తం మీద ఒంటి బరువు కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరాలి: 50 కిలోల పిల్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు అయితే 6,000 చేరడానికి పది నెలలు. నూనె, నెయ్యి ఉన్న అన్నం తిన్నాకే మింగాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు. పెదవులు పగలడం మామూలే. లివరు, కొవ్వు పరీక్షలు తప్పనిసరి. దీంతోపాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకోవద్దు, తలలో ఒత్తిడి పెరగొచ్చు. ఆ పాత మాత్రలు మిగిలి ఉంటే పక్కన పెట్టేయండి. వాక్సింగ్ వద్దు, చర్మం ఊడొస్తుంది.

మొటిమ మీద టూత్‌పేస్టు? చర్మం కాలుతుంది. "వేడి చేసింది" అని కోడిగుడ్డు మానేయడం? అవసరం లేదు, జిమ్ పిల్లలు వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) డబ్బా మాత్రం పక్కన పెట్టి చూడండి. గిల్లడం? గుంట మచ్చ.

వచ్చేటప్పుడు ఇంతవరకూ రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని రండి. ఎవరూ తిట్టరు. దాచిపెడితేనే వైద్యం దారి తప్పుతుంది.