ఫ్రెంచ్ న్యూ వేవ్: ఎడిటింగ్ రూమ్‌లో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

నేను ఎడిటర్‌ని. షార్ట్ ఫిల్మ్‌లు తీసే పిల్లలకు వారాంతాల్లో ఎడిటింగ్ చెబుతుంటాను. ఈ మధ్య ఒక కుర్రాడు పన్నెండు నిమిషాల సినిమా పట్టుకొచ్చాడు. రెండు సెకన్లకో జంప్ కట్, అంటే నడుస్తున్న షాట్ మధ్యలో ముక్క తీసేసి బొమ్మ ఎగిరినట్టు కనిపించేలా కోయడం. "ఎందుకిలా కోశావు?" అంటే "న్యూ వేవ్ స్టైల్ సార్" అన్నాడు. వాడిని తప్పు పట్టలేను. న్యూ వేవ్ అంటే 1950ల చివర్లో ఫ్రాన్స్‌లో కుర్ర దర్శకులు కొత్త పద్ధతిలో తీసిన సినిమాలు. వాటి గురించి మన దాకా వచ్చినవి రెండే మాటలు: రూల్స్ పాటించలేదు, జంప్ కట్లు వాడారు. ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోతే ఎంత చదువు పోగొట్టుకుంటామో తెలుసు కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఏమీ తెలియకుండానే కెమెరా పట్టుకుని రోడ్డెక్కారు.

వాస్తవం: సినిమా తీయడానికి ముందు వాళ్లు ఏళ్ల తరబడి సినిమాలు చూశారు, వాటి మీద రాశారు. పారిస్‌లో ఆన్రీ లాంగ్లువా నడిపిన సినిమాటెక్ అనే సినిమా భాండాగారంలో పాత సినిమాలు చూడటమే వాళ్ల చదువు. ఆంద్రె బజాన్, మరికొందరు 1951లో మొదలుపెట్టిన 'కాయె దు సినెమా' పత్రికలో ట్రూఫో, గొదార్, షబ్రోల్, రోమెర్, రివెత్ అందరూ విమర్శకులే. పేరున్న నవల తీసుకోవడం, స్క్రిప్టు రచయితలు రాసిచ్చింది రాసిచ్చినట్టు దర్శకుడు తీసిపెట్టడం అప్పటి ఫ్రెంచ్ సినిమాలో పద్ధతి. 1954లో ట్రూఫో ఒక వ్యాసంలో దాన్ని ఉతికి ఆరేశాడు. ఆయన రాతలకు కోపమొచ్చి 1958లో కాన్ సినిమా ఫెస్టివల్ వాళ్లు ఆయన్ను రానివ్వలేదు. మరుసటి ఏడాది ఆయన సినిమా '400 బ్లోస్'కు అదే కాన్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు ఇచ్చారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు.

ఆ సినిమా స్క్రిప్టు మార్సెల్ మూసీతో కలిసి రాసుకున్నదే. కావాలని రాయకుండా వదిలిన చోటు మాత్రం ఒకటుంది. దిద్దుబాటు కేంద్రంలో సైకాలజిస్టు కథానాయకుడైన కుర్రాడిని ప్రశ్నలడిగే సీను అది. అడిగే మనిషి కనిపించదు, గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఆ కుర్రాడి పాత్ర వేసిన జాన్‌పియేర్ లేవో సొంత మాటల్లో జవాబులు చెబుతాడు. ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకు డిజాల్వ్‌తో, అంటే ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మలో కలిసేలా వెళ్తాం, పిల్లవాడి ముఖం వదలం. అంత పకడ్బందీగా రాసుకున్న సినిమాలో సరిగ్గా ఎక్కడ పగ్గాలు వదలాలో తెలిసిన దర్శకుడి పని ఇది. నేను ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇక జంప్ కట్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

1960లో విడుదలైన గొదార్ 'బ్రెత్‌లెస్' మొదటి కూర్పు చాలా పొడుగొచ్చింది. ఎంతో కొంత తీసేయక తప్పదు. ఇలాంటప్పుడు మామూలుగా సీన్లకు సీన్లే లేపేస్తాం. గొదార్, ఎడిటర్ సెసిల్ దెకుజిస్ అలా కాకుండా సీను లోపల కోశారు. కారు సీను చూడండి. హీరో మిషెల్ బండి నడుపుతూ హీరోయిన్ పట్రీషియా మెడ బాగుంటుందని, గొంతు బాగుంటుందని ఒక్కొక్కటే చెబుతూ పోతాడు. తెర మీద వెనక నుంచి ఆమె తల మాత్రమే. కట్ పడిన ప్రతిసారీ తల దాదాపు అక్కడే ఉంటుంది, వెనక పారిస్ వీధి మాత్రం మారిపోతుంది. సౌండ్ మీద చెవి పెట్టండి. అతని మాట తెగదు! బొమ్మ ఎన్నిసార్లు ఎగిరినా మాట దాన్ని పట్టుకుని నడిపిస్తుంది. పైగా ఇద్దరిలో ఎవరిని తెర మీద ఉంచాలో కూడా తేల్చుకున్నారు. ఇద్దరి నుంచీ కొంచెం కొంచెం కోసే బదులు బొమ్మా బొరుసూ వేసి ఒకరినే ఉంచామని గొదార్ తర్వాత చెప్పాడు.

మా కుర్రాడి సినిమాలో బొమ్మతో పాటు మాట కూడా తెగుతోంది. అందుకే అది తొందరలా అనిపిస్తోంది తప్ప లయలా అనిపించడం లేదు. ఇదే 'బ్రెత్‌లెస్'లో పారిస్‌లోని షాంజెలిజే వీధి మీద ఇద్దరూ నడిచే షాట్ ఉంది. కెమెరామన్ రావుల్ కుతార్ తపాలా బండి లాంటి దాన్లో కెమెరాతో సహా దాక్కుని తీశాడు. అది కట్ లేకుండా అలా సాగిపోతుంది. జంప్ కట్లు లెక్కపెట్టేవాళ్లు ఈ షాట్ నిడివి కూడా కొలవాలి.

"అంతా లైవ్ సౌండ్, షూటింగ్‌లోనే రికార్డు చేసింది కదా సార్?" అని కూడా అడుగుతారు. కాదు. వాళ్లు వాడిన కెమెరా బాగా మోత చేస్తుంది. 'బ్రెత్‌లెస్' డైలాగులన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పినవే, మన దగ్గర అలవాటైన పద్ధతే. అందుకే షాట్ నడుస్తుండగానే గొదార్ పక్క నుంచి డైలాగు అందించగలిగాడు. రాత్రి సీన్లకు మామూలు సినిమా ఫిల్మ్ చాలక, ఫొటోలు తీసే ఇల్ఫర్డ్ ఫిల్మ్ చుట్టలను ఒకదానికొకటి అతికించి వాడారు.

హాలీవుడ్ అంటే పడదన్నది కూడా నిజం కాదు. హిచ్‌కాక్, హాక్స్ లాంటి దర్శకులు హాలీవుడ్ స్టూడియోల్లో పనిచేస్తూనే తమ ముద్ర వేశారని వాదించింది వీళ్లే. డబ్బు లేకుండా సినిమాలు అయిపోయాయన్నదీ అంతే. షబ్రోల్ మొదటి సినిమా భార్యకు వారసత్వంగా వచ్చిన సొమ్ముతో తీసింది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అపోహ వేరే ఉంది. న్యూ వేవ్ అంటే ఆ పత్రిక కుర్రాళ్లు ఐదుగురేనని పాఠాల్లో చెప్పేస్తారు. ఆ లెక్కలో దర్శకురాలు ఆన్యెస్ వార్దా పేరు ఉండదు. ఆమె మొదట ఫొటోగ్రాఫర్. చూసిన సినిమాలు బహు తక్కువ. అయినా '400 బ్లోస్' కంటే ఐదేళ్ల ముందే, 1954లో, ఒక జాలర్ల పేటకు వెళ్లి 'లా పువాంత్ కూర్త్' తీసింది. అక్కడి జనం బతుకు ఒక వరుస, ఒక జంట కథ ఇంకో వరుస. దాన్ని ఎడిట్ చేసింది ఆలెన్ రెనే. తర్వాత 1959లో 'హిరోషిమా మోనమూర్' తీసింది ఆయనే. వీళ్లనూ ఇంకో దర్శకుడు క్రిస్ మార్కెర్‌నూ కలిపి, పారిస్‌లోని సెన్ నది పేరున, ఎడమ గట్టు వాళ్లంటారు. వీళ్లకూ పత్రిక వాళ్లకూ వైరమేమీ లేదు. వార్దా సినిమా 'క్లియో ఫ్రమ్ 5 టు 7'లో వచ్చే చిన్న మూకీ సినిమాలో నటించింది గొదారే.

మొదటిసారి చూసేవాళ్లు ఆ 'క్లియో'తోనే మొదలుపెట్టండి. క్యాన్సర్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే గాయని సాయంత్రం కథ. పేరులో రెండు గంటలు, సినిమా గంటన్నర. ఒక్కో భాగం మొదట్లో టైమ్ వేస్తారు. గడియారం పక్కన పెట్టుకుని చూడండి. ఆమె మేడ దిగే చోట, టాక్సీలో కూర్చున్న చోట, ఏ కట్ దగ్గర ఎన్ని సెకన్లు గడిచాయో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని క్లాసుకు రండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.