ప్రమోటర్ జీతానికి అడ్డుపడిన ఓటు

కంపెనీల వార్షిక సమావేశాల (ఏజీఎంల) సీజన్ వచ్చిందంటే ప్రమోటర్ల, అంటే కంపెనీని తమ చేతిలో ఉంచుకున్న యజమానుల, జీతాల గొడవ మళ్లీ మొదలవుతుంది. లాభం తగ్గితే ఎండీ జీతం ఎందుకు తగ్గలేదని చిన్న షేర్‌హోల్డర్లు అడుగుతారు. సమర్థులకు ఆ మాత్రం ఇవ్వాల్సిందేనని బోర్డులు చెబుతాయి. డైరెక్టర్ల జీతాలన్నీ కలిపి లాభంలో 11 శాతం అని కంపెనీల చట్టం పెట్టిన పరిమితి తెలిసిందే. నా లెక్కలో అసలు మలుపు 2018 సెప్టెంబర్‌లో, అపోలో టైర్స్‌లో వచ్చింది.

2017-18లో ఆ కంపెనీ నికర లాభం సుమారు రూ.1,099 కోట్ల నుంచి రూ.724 కోట్లకు పడిపోయింది. అదే ఏడాది చైర్మన్ ఓంకార్ కన్వర్, ఆయన కొడుకైన ఎండీ నీరజ్ కన్వర్ చెరో రూ.40 కోట్లకు పైగా తీసుకున్నారు. లాభంతో పోల్చి చూస్తే తండ్రీకొడుకుల జీతాలే పదో వంతు దాటాయి. నీరజ్‌ను మళ్లీ ఎండీగా నియమించే తీర్మానం ఓటింగ్‌కు వచ్చినప్పుడు మ్యూచువల్ ఫండ్లు వ్యతిరేకించాయి. అది స్పెషల్ రిజల్యూషన్, 75 శాతం ఓట్లు కావాలి. ప్రమోటర్ల చేతిలో దాదాపు 40 శాతం వాటా ఉన్నా తీర్మానం వీగిపోయింది. సగం ఓట్లు చాలనుకుంటే ఇట్టే నెగ్గేది. తర్వాత ఇద్దరూ జీతాలు తగ్గించుకున్నాక గానీ నియామకానికి ఆమోదం దొరకలేదు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2014లో, టాటా మోటార్స్ షేర్‌హోల్డర్లు కూడా ఎగ్జిక్యూటివ్‌ల జీతాల తీర్మానాలను తిప్పికొట్టారు. కానీ వాళ్లు జీతం మీద పనిచేసే అధికారులు. యజమాని కుటుంబాన్ని ఆపడం వేరు.

ఇన్వెస్టర్ భయపడాల్సింది రూ.40 కోట్లు పోయాయని కాదు. పెద్ద కంపెనీకి అదేమంత భారం కాదు. లాభం మూడో వంతు తగ్గిన ఏడాది కూడా ప్రమోటర్‌కు 'వద్దు' చెప్పలేని బోర్డు, రేపు ఆయన తన గ్రూప్‌లోని మరో కంపెనీకి అప్పు ఇద్దామంటే చెబుతుందా? అందుకే నేను వార్షిక నివేదికలో జీతం అంకె కన్నా ముందు ఆ జీతాలు సిఫార్సు చేసే రెమ్యూనరేషన్ కమిటీలో ఎవరున్నారో చూడమంటాను.

2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన వచ్చింది. ప్రమోటర్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ జీతం రూ.5 కోట్లు లేదా నికర లాభంలో 2.5 శాతం, రెండింట్లో ఏది ఎక్కువైతే అది దాటితే స్పెషల్ రిజల్యూషన్ తప్పనిసరి. 2021లో ఐషర్ మోటార్స్‌లో ప్రమోటర్, ఎండీ సిద్ధార్థ లాల్ పునర్నియామకం 75 శాతం అందుకోలేక ఆగింది. జీతం పరిమితిని లాభాల్లో 3 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించాకే ఆయన మళ్లీ ఎన్నికయ్యారు.

ఇప్పటి గొడవకు మూలం ఆ 'ఏది ఎక్కువైతే అది' అన్న మాటలోనే ఉంది. రూ.2,000 కోట్ల లాభమున్న కంపెనీలో ఒక ప్రమోటర్ రూ.50 కోట్ల వరకు తీసుకున్నా సెబీ నిబంధన అడ్డురాదు. సగానికి పైగా ఓట్లతో నెగ్గే మామూలు తీర్మానం చాలు. ప్రమోటర్ వాటా సగం దాటిన చోట దాన్ని ఆపే ఓటు మిగతా షేర్‌హోల్డర్ల దగ్గర లేదు.