సిడ్నీలో ట్రైన్, ఫెర్రీ డే ట్రిప్పులు: అపోహలు - వాస్తవాలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు దిగే సీజన్ మొదలైతే నా ఫోన్ ఇక ఆగదు. నా పనేంటంటే నలుగురైదుగురు పెద్దవాళ్లని కార్ లేకుండా, ట్రైన్‌లో ఫెర్రీలో నిదానంగా ఒక రోజంతా తిప్పి సాయంత్రానికి ఇంటికి చేర్చడం. పిల్లలు ఆఫీసుకెళ్తారు, వీళ్లు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటారు, అందుకే ఈ పనికి గిరాకీ. అయితే ప్రతి ఇంట్లో అవే డౌట్లు, అవే తప్పుడు సమాచారం, అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పుట్టి అక్కడే పెరిగినవి. అందుకని ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: హార్బర్ చూడాలంటే క్రూజ్ బుక్ చేసుకోవాల్సిందే.

అక్కర్లేదండి. సిటీలో ఫెర్రీలు బయల్దేరే సర్క్యులర్ కీలో మూడో వార్ఫ్ (పడవలాగే రేవు) దగ్గర మ్యాన్లీ ఫెర్రీ ఎక్కండి, అరగంట ప్రయాణం, అదే నీళ్లు అదే ఒపెరా హౌస్ అదే బ్రిడ్జి. ఫ్రెష్‌వాటర్ క్లాస్ అని పెద్ద పాత పడవలున్నాయి, ఒక్కోదాంట్లో 1,100 మంది పడతారు, అది దొరికితే బయట డెక్ మీద కూర్చోండి. ఎటు పక్క కూర్చోవాలన్నదే అసలు విషయం. వెళ్లేటప్పుడు కుడి పక్క బెంచీ పట్టుకోండి, పడవ కదలగానే ఒపెరా హౌస్ ఆ పక్కనే వస్తుంది, తర్వాత ఫోర్ట్ డెనిసన్ అనే బుల్లి రాతికోట, వెనకాల గార్డెన్ ఐలాండ్ దగ్గర నేవీ షిప్పులు. ఇంకో లాభం నీడ. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, పడవ దాదాపు తూర్పుకి పోతుంది, కాబట్టి కుడి పక్క నీడ పడుతుంది. వాస్తు పట్టింపున్న మామయ్యగారెవరైనా గుంపులో ఉంటే ఈ ముక్క చెప్పండి, మ్యాన్లీ వచ్చేదాకా ఆయనకి అదే పని.

బ్రాడ్లీస్ హెడ్ దాటాక, సముద్రం లోపలికొచ్చే హెడ్స్ ఎదురుగా కొంతసేపు పడవ ఊగుతుంది. కళ్లు తిరిగేవాళ్లు ఆ టైంలో లోపల మధ్యలో కూర్చుంటే చాలు, కావాలంటే అల్లం మురబ్బా ఒకటి నోట్లో వేసుకోండి. అలలు మరీ పెద్దవైన రోజు సర్వీసే ఆపేస్తారు, వాళ్లతో వాదించొద్దు. పక్కనే ప్రైవేట్ ఫాస్ట్ ఫెర్రీ కూడా ఉంటుంది, దాని టికెట్ వేరే, ఓపల్ (ఇక్కడి ట్రైన్, బస్సు, ఫెర్రీ కార్డు) క్యాప్‌లోకి, అంటే రోజుకి ఇంతకి మించి పడదనే పరిమితిలోకి, రాదు.

అపోహ: ఆదివారం రెండున్నర డాలర్లకే ఎక్కడికైనా తిరగొచ్చు.

ఆ రోజులు పోయాయి. ఒకప్పుడు ఉండేది నిజమే, ఇప్పటికీ గ్రూపుల్లో ఆ మెసేజే తిరుగుతోంది. ఇప్పుడు సోమవారం నుంచి గురువారం దాకా ఒక డైలీ క్యాప్, శుక్రవారం, శని, ఆది, పబ్లిక్ హాలిడేల్లో అందులో సగం, నేను ఇది రాసే టైంకి ఆ సగం పది డాలర్ల లోపే ఉంది. అంటే ఆదివారం కోసం ఎదురు చూడక్కర్లేదు, శుక్రవారమే బెస్ట్, జనం తక్కువ రేటూ తక్కువ. ఆ క్యాప్‌లోనే ట్రైన్‌లో న్యూకాజిల్ వెళ్లి, అక్కడ ట్రామ్ ఎక్కి, స్టాక్టన్ ఫెర్రీలో అవతలి ఒడ్డుకి దాటి తిరిగి రావొచ్చు. దూరం ఎక్కువే, పొద్దున్నే బయల్దేరాలి, కానీ డబ్బుకి పూర్తి న్యాయం.

అపోహ: నాన్నగారికి అరవై దాటాయి, గోల్డ్ ఓపల్ కార్డు ఇచ్చేస్తారు.

ఇవ్వరు. అది ఇక్కడి సీనియర్లకి, పెన్షనర్లకి, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి కాదు. అమ్మాయి పేరు మీదో అల్లుడి పేరు మీదో ఉన్న కన్సెషన్ కార్డు ఇచ్చి పంపడం ఇంకా తప్పు, ట్రైన్‌లో చెకింగ్ వాళ్లొస్తే ఫైన్ పెద్దది. పిల్లల సంగతి మాత్రం వేరే, 4 నుంచి 15 ఏళ్ల వాళ్లెవరికైనా చైల్డ్ ఓపల్ కొనొచ్చు, నాలుగేళ్ల లోపు ఫ్రీ. చాలామంది పిల్లాడి చేతిలో బ్యాంకు కార్డు పెట్టి ట్యాప్ చేయిస్తారు, దానికి పెద్దవాళ్ల ఛార్జే పడుతుంది.

అపోహ: ఒక్క కార్డుతో అందరికీ ట్యాప్ చేయొచ్చు.

ఇది నేను కళ్లారా చూస్తూనే ఉంటా. గేటు దగ్గర అంకుల్ ముందు ట్యాప్ చేసి లోపలికెళ్లి, అక్కణ్నుంచి చెయ్యి చాచి అదే కార్డు ఆంటీకిస్తారు, ఆవిడ ట్యాప్ చేస్తుంది, రీడర్ కీచుమంటుంది, వెనక క్యూ అంతా ఆగుతుంది. మనిషికో కార్డు, అంతే. ఇంకో తిరకాసు, ఫోన్‌తో ట్యాప్ ఆన్ చేసి అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డుతో ట్యాప్ ఆఫ్ చేస్తే మెషిన్ లెక్కలో అవి రెండు వేర్వేరు కార్డులు, రెండిటికీ డిఫాల్ట్ ఛార్జీ, అంటే గరిష్ఠ ఛార్జీ, పడుతుంది. ట్యాప్ ఆఫ్ మర్చిపోయినా అంతే. గేట్లు లేని చిన్న వార్ఫుల్లో జాగ్రత్త, దిగగానే వ్యూ చూస్తూ నడిచేస్తారు, స్తంభానికున్న రీడర్ కనపడదు.

అపోహ: వాయవ్య శివారు టల్లావాంగ్ నుంచి మెట్రోలో నేరుగా సిటీకి పోతే దారిలో హార్బర్ కనిపిస్తుంది.

కనపడదు, అది నీళ్ల కింద సొరంగంలోంచి పోతుంది. 2024 ఆగస్టులో మెట్రో సిటీ దాకా వచ్చినప్పటి నుంచి కెలీవిల్, ద పాండ్స్ వైపు మనవాళ్లందరూ దాన్నే ఎక్కుతున్నారు, ఆఫీసుకైతే సూపరే, చూడ్డానికొచ్చినవాళ్లకి ఎందుకండీ ఆ చీకటి. చాట్స్‌వుడ్‌లో దిగి మామూలు ట్రైన్ మారండి, అది ప్లాట్‌ఫాం అవతలి పక్కకే వస్తుంది, మెట్లు కూడా ఎక్కక్కర్లేదు. ఆ ట్రైన్ 1932 నాటి బ్రిడ్జి మీదుగా పోతుంది. ఇంకా మంచిది, బ్రిడ్జికి ముందే మిల్సన్స్ పాయింట్‌లో దిగి, లూనా పార్క్ నవ్వు మొహం పక్కన వార్ఫ్‌లో ఫెర్రీ ఎక్కి బ్రిడ్జి కిందుగా సర్క్యులర్ కీకి రావడం. పట్టేది కొన్ని నిమిషాలే, పెద్దవాళ్లకి ఎక్కువగా గుర్తుండేది అదే.

అపోహ: పారమాటాలో ఎప్పుడెళ్లినా ఫెర్రీ ఉంటుంది.

వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, హారిస్ పార్క్ వాళ్లకి ఇది ఇంటిముందు పడవ లెక్క, కానీ నది పైభాగం లోతు తక్కువ. పోటు మీదుంటే పడవ, ఆటు మీదుంటే కింది వార్ఫ్ దాకా బస్సు. టైంటేబుల్‌లోనే ఉంటుంది, చూడకుండా వెళ్లి బస్సు ఎక్కాల్సొస్తే పెద్దవాళ్లు డల్ అయిపోతారు, ఎందుకంటే ఆ మొదటి ముక్కే అందంగా ఉంటుంది. నది సన్నగా, రెండు పక్కలా మడ చెట్లు, పడవ మెల్లగా పోతుంది. కాకినాడ నుంచొచ్చిన ఒకావిడ కోరింగలో ఉన్నట్టుందమ్మా అంది, నిజమే. కిందికి వచ్చేకొద్దీ నది వెడల్పవుతుంది, చివర్లో బ్రిడ్జి కింద నుంచి దూరతాం, మొత్తం గంటన్నర దాకా పడుతుంది. పొద్దున పడవలో వెళ్లి సాయంత్రం ట్రైన్‌లో రండి, రెండు సార్లూ పడవంటే విసుగొస్తుంది.

ఇంకో రోజు సర్క్యులర్ కీ నుంచి ఎఫ్8 ఫెర్రీలో కాకటూ ఐలాండ్ పెట్టుకోవచ్చు. ఎంట్రీ ఫ్రీ. 1839 నుంచి ఖైదీల జైలు, తర్వాత ఓడలు కట్టే యార్డు, 2010లో యునెస్కో లిస్టులో చేరిన కాన్విక్ట్ సైట్లలో ఇదొకటి. రాతికొండని తొలిచిన సొరంగంలో ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది.

అపోహ: హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి ట్రైన్‌లో సులువుగా వెళ్లొచ్చు.

స్టేషన్ ఉంది, గుడి దాని పక్కన లేదు. ఊరి చివర స్టేషన్, ఎత్తెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో నడక వద్దు. గుడికి కార్‌లోనే తీసుకెళ్లండి, పులిహోర తినిపించండి. అదే సౌత్ కోస్ట్ లైన్‌లో ఇంకో రోజు కయామా పెట్టుకోండి, వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ, ఆట్‌ఫర్డ్ దాటాక కొండ దిగుతుంటే సముద్రం కనిపిస్తుంది. రెండు గంటల పైనే పడుతుంది, కయామాలో బ్లోహోల్ (రాతి రంధ్రంలోంచి సముద్రపు నీళ్లు పైకి చిమ్మే చోటు) స్టేషన్ నుంచి నడిచే దూరమే.

అపోహ: ట్రైన్ అన్నాక బాత్రూం ఉంటుందిగా.

కయామా, కటూంబా, న్యూకాజిల్ వెళ్లే ఇంటర్‌సిటీ బళ్లలో ఉంటుంది, సబర్బన్ ట్రైన్‌లో ఉండదు. షుగర్ ఉన్నవాళ్లతో వెళ్తే ఇది మొదట చూసుకోవాల్సిన విషయం, సీనరీ తర్వాత.

అపోహ: ఒక రోజులో మ్యాన్లీ, జూ, వాట్సన్స్ బే, డార్లింగ్ హార్బర్ అన్నీ కొట్టేయొచ్చు.

కొట్టేయొచ్చు, సాయంత్రానికి మామయ్యగారు ఎవరితోనూ మాట్లాడరు. రోజుకి ఒక ట్రైను, ఒక పడవ, ఒక చోట రెండు మూడు గంటలు కూర్చోవడం, నా ప్లాన్ ఎప్పుడూ ఇంతే. వాట్సన్స్ బే పెట్టుకుంటే తిరుగు పడవ సూర్యాస్తమయానికి కాస్త ముందు పట్టుకుని ముందువైపు కూర్చోండి, సిటీ వెనకాల పొద్దు కుంకుతుంది.

వీకెండ్ అయితే శుక్రవారం రాత్రే ట్రైన్ టైంలు చూపే యాప్‌లో మీ లైన్‌కి ట్రాక్‌వర్క్ (పట్టాల మరమ్మతు) ఉందేమో చూడండి. ఉంటే ట్రైన్ బదులు బస్సులు వేస్తారు, అలాంటప్పుడు నేనైతే ట్రిప్ ఇంకో వారానికి మారుస్తా.