గొర్రెలు, మేకల్లో మైకోప్లాస్మా: ల్యాబ్ పరీక్షలపై అపోహలు – వాస్తవాలు

మందలో జీవాలు దగ్గుతూ, మేత మానేసి ఒకటొకటిగా పడిపోతుంటే కాపరి ముందు మందుల షాపుకి పోతాడు, తర్వాత పశువుల ఆసుపత్రికి. ల్యాబ్ గుర్తొచ్చేది ఆఖర్నే. అప్పటికే రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ పడి ఉంటాయి. ఆ శాంపిల్‌లో ఏమీ దొరక్కపోతే "ల్యాబ్ వాళ్లకీ అంతుబట్టలేదు" అంటారు. మైకోప్లాస్మా (కణ గోడ లేని ఒక రకం బ్యాక్టీరియా) దొరుకుతుందా లేదా అన్నది చాలావరకు శాంపిల్ తీసిన కొట్టంలోనే తేలిపోతుంది. తోటి పశువైద్యులు, పెంపకందారులు తరచూ అనే మాటలే తీసుకుని వివరిస్తాను.

అపోహ: "దగ్గు, చీమిడి, జ్వరం అంటే పారుడు రోగమే. టీకా వేయించినా వచ్చిందంటే టీకా మంచిది కాదు."

పారుడు రోగం, అంటే పీపీఆర్, వైరస్ వల్ల వస్తుంది. నోట్లో పుండ్లు, కళ్లలో పుసులు, విరేచనాలు ఉంటాయి. మేకల్లో ఊపిరితిత్తులకి, వాటి పొరకి వచ్చే అంటు ప్లూరోన్యుమోనియా (సీసీపీపీ) వేరు. దీనికి కారణం మైకోప్లాస్మా క్యాప్రికోలమ్‌లో క్యాప్రిన్యుమోనియే అనే ఉపజాతి. ఇందులో నోటి పుండ్లు, విరేచనాలు కనిపించవు. జ్వరం 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. మేక ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, మూలుగుతూ ఊపిరి లాగుతుంది. చనిపోయినదాన్ని కోసి చూస్తే ఛాతీలో గడ్డి రంగు నీరు నిండి ఉంటుంది. తరచుగా ఒకవైపు ఊపిరితిత్తే కాలేయంలా గట్టిపడి, రెండోది దాదాపు బాగానే ఉంటుంది. పీపీఆర్ టీకా దీన్ని ఆపదు, అది టీకా లోపం కాదు. పాశ్చురెల్లా జాతి బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా కూడా చూడటానికి ఇలాగే ఉండొచ్చు. పైగా పీపీఆర్ వచ్చి నీరసించిన మందలో ఈ బ్యాక్టీరియాలన్నీ తోడవుతాయి. అందుకే లక్షణాలు చూసి అనుమానపడాలి తప్ప నిర్ధారణ రాసేయకూడదు.

గొర్రెల్లో, మేకల్లో మైకోప్లాస్మా వల్ల వచ్చే మరో పెద్ద జబ్బు కంటేజియస్ అగలాక్షియా. పాలు ఉన్నట్టుండి తగ్గిపోతాయి, కీళ్లు వాస్తాయి, కళ్లు మసకబారతాయి. ఒకే మందలో ఒక జీవానికి పొదుగు, ఇంకోదానికి మోకాలు, మరోదానికి కన్ను దెబ్బతింటే ఇవి మూడు వేర్వేరు జబ్బులనుకుని మూడు రకాల మందులు వాడటం మామూలైపోయింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో సీసీపీపీ, అగలాక్షియా రెండూ ఉన్నాయి.

అపోహ: "కల్చర్‌లో ఏమీ పెరగలేదు, కాబట్టి బ్యాక్టీరియా లేదు."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే.

కల్చర్ అంటే శాంపిల్‌లోని సూక్ష్మజీవుల్ని పోషక మీడియంలో పెంచి చూడటం. మామూలు ల్యాబ్‌లో శాంపిల్‌ని బ్లడ్ అగర్, మ్యాకాంకీ అనే మీడియంల మీద రాసి ఒకటి రెండు రోజులు చూస్తారు. మైకోప్లాస్మా వాటి మీద పెరగదు. దానికి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపిన ప్రత్యేక మీడియం కావాలి, 37 డిగ్రీల సెల్సియస్, తేమ, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి. అన్నిటికీ మించి ఓపిక కావాలి. సీసీపీపీ కారకం మొదటి కాలనీలు కనిపించడానికే 5 నుంచి 15 రోజులు పట్టొచ్చు. గ్రామ్ స్టెయిన్‌లోనూ కనబడదు, ఎందుకంటే ఆ రంగు పట్టుకునే కణ గోడే దీనికి లేదు. రెండో రోజే "నో గ్రోత్" అని ఇచ్చిన రిపోర్టు మామూలు బ్యాక్టీరియా గురించే చెబుతుంది, మైకోప్లాస్మా గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

పెరిగాక చూడటం కూడా ఒక పనే. ద్రవ మీడియంలో మామూలు బ్యాక్టీరియాలా చిక్కటి మడ్డి రాదు. ట్యూబుని వెలుతురుకి ఎత్తి మెల్లగా తిప్పితే సన్నని పొగలాంటి తెర లేస్తుంది, అంతే. గ్లూకోజ్‌ని పులియబెట్టే జాతులైతే మీడియం రంగు ఎరుపు నుంచి పసుపు వైపు జరుగుతుంది. కానీ అగలాక్షియాకి ముఖ్య కారణమైన మైకోప్లాస్మా అగలాక్షియే గ్లూకోజ్‌ని వాడుకోదు. రంగు మారలేదని ఆ ట్యూబు పారేస్తే రోగకారిని చేతులారా పారేసినట్టే. అగర్ ప్లేటు మీద కాలనీలని స్టీరియో మైక్రోస్కోప్ కింద చూడాలి. చాలా జాతుల్లో మధ్యలో చిన్న బొడిపె, చుట్టూ పల్చటి అంచు, అచ్చం పెనం మీద వేసిన గుడ్డులా. గొర్రెపిల్లల న్యుమోనియాలో దొరికే మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే కాలనీలకి ఆ బొడిపె స్పష్టంగా ఉండదు. పుస్తకంలో బొమ్మ మాత్రమే చూసినవాళ్లు దాన్ని వదిలేస్తారు.

అంటు ప్లూరోన్యుమోనియాని అల్జీరియాలో 1873లోనే వర్ణించారు. అసలు కారకాన్ని కెన్యాలో వేరుచేయగలిగింది 1976లో. అంతవరకూ దాని చుట్టమైన మరో మైకోప్లాస్మానే దోషి అనుకున్నారు. వందేళ్లు చేతికి చిక్కని జీవి రెండు రోజుల కల్చర్‌లో దొరకాలనుకోవడం న్యాయం కాదు.

అపోహ: "ఏ ముక్క పంపినా ఒకటే."

ఊపిరితిత్తి పూర్తిగా పాడైన నడిమి భాగం కన్నా, గట్టిపడిన భాగమూ ఆరోగ్యంగా ఉన్న భాగమూ కలిసే అంచు నుంచి తీసిన ముక్క మేలు. ఛాతీ నీరు సిరంజితో తీయండి. ఊపిరితిత్తుల మధ్య ఉండే లింఫు గ్రంథిని కూడా చేర్చండి. అన్నీ ఐస్ మీద రావాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ముక్కని ఫ్రీజ్ చేసి పంపండి. దయచేసి అంతా ఫార్మలిన్‌లో వేయకండి. ఫార్మలిన్ ముక్క కణజాల పరీక్షకి పనికొస్తుంది, కల్చర్‌కి పనికిరాదు. ముక్కు స్వాబ్ అయితే పొడిగా కాకుండా ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో పెట్టండి. యాంటీబయాటిక్ ఇంకా పడని, జబ్బు కొత్తగా మొదలైన జీవం నుంచి తీయండి. ఐస్ దొరకని చోట ఛాతీ నీటి చుక్కల్ని ఫిల్టర్ పేపర్ మీద వేసి నీడలో ఆరబెట్టి మామూలు కవర్లో పంపినా పీసీఆర్‌కి (జీవి డీఎన్ఏని పట్టే పరీక్షకి) సరిపోతుంది. మారుమూల పల్లెల్లో పనిచేసే డాక్టర్లకి ఇంతకన్నా తేలికైన దారి లేదు, కానీ వాడుతున్నవాళ్లు తక్కువ.

అపోహ: "పెన్సిలిన్‌కి తగ్గలేదంటే డోసు చాల్లేదు."

పెన్సిలిన్ చేసేది బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా ఆపడం. గోడే లేని జీవి మీద డోసు రెట్టింపు చేసినా ఫలితం ఉండదు. మిగతా బ్యాక్టీరియా రాకుండా ల్యాబ్‌లో మేం మైకోప్లాస్మా మీడియంలోనే పెన్సిలిన్ కలుపుతాం. టెట్రాసైక్లిన్లు, టైలోసిన్ లాంటి మాక్రోలైడ్లు, ఫ్లోరోక్వినొలోన్లు పనిచేస్తాయి. ఏది, ఎంత అన్నది మీ డాక్టరే చెప్పాలి.

అపోహ: "పీసీఆర్ పాజిటివ్ అంటే కేసు తేలిపోయినట్టే."

ఏ జాతికి పాజిటివ్ అన్నది ముందు చూడాలి. చావులు జరుగుతున్న మందలో ఛాతీ నీటిలో సీసీపీపీ కారకం దొరికితే అది గట్టి రుజువు. బాగానే ఉన్న గొర్రె ముక్కులో ఓవిన్యుమోనియే దొరికితే అంత గాభరా అక్కర్లేదు, అది ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ ఉంటుంది. పైగా పీసీఆర్ చచ్చిన జీవి డీఎన్ఏని కూడా పట్టుకుంటుంది. వైద్యం అయిన వెంటనే పాజిటివ్ వస్తే మందు పనిచేయలేదని తేల్చేయకండి.

అపోహ: "ఒక మేక రక్తం పరీక్షిస్తే చాలు."

సీసీపీపీలో జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు. చాలా మేకలు అవి పుట్టకముందే చనిపోతాయి. ఇవాళ చావబోతున్న మేక రక్తంలో ఎలైజా (యాంటీబాడీల్ని వెతికే పరీక్ష) నెగెటివ్ రావడం ఏమీ వింత కాదు. కాబట్టి మందలో బతికి ఉన్నవాటి నుంచి కొన్ని సీరం శాంపిళ్లు తీసి, 3 నుంచి 8 వారాల తేడాతో అవే జీవాల నుంచి మళ్లీ తీయండి. సీరం పరీక్షలతో మంద పరిస్థితి తెలుస్తుంది, ఒక్క జీవం మీద తీర్పు చెప్పడానికి వాటిని వాడొద్దు. టీకా వేసిన మందైతే ఆ తేదీ తప్పక రాయండి.

అపోహ: "దగ్గు తగ్గింది, మంద శుభ్రమైపోయింది."

మందు చావుల్ని ఆపుతుంది, కానీ ప్రతి జీవంలోంచీ మైకోప్లాస్మాని తుడిచిపెట్టదు. అగలాక్షియా కలిగించే మైకోప్లాస్మాలు ఏ లక్షణమూ లేని మేక చెవి కాలువలో కూడా దాక్కుంటాయి, పాలలో కొన్నాళ్లు వస్తాయి, కొన్నాళ్లు రావు. పాల కోసం జీవాల్ని పెంచే స్పెయిన్, ఫ్రాన్స్ ప్రాంతాల్లో మంద మొత్తం పాలు చేరే ట్యాంకు నుంచి శాంపిల్ తీసి పీసీఆర్ చేస్తారు. ఒక్క నెగెటివ్‌తో ఆగరు, మళ్లీ మళ్లీ తీస్తారు. మన దగ్గర కొత్తగా పెరుగుతున్న మేకపాల ఫారాలకి ఇది వెంటనే పనికొచ్చే పద్ధతి.

బయటి నుంచి కొన్న జీవాలే ఎక్కువ ప్రమాదం తెస్తాయి. 1881లో దక్షిణాఫ్రికా కేప్ కాలనీకి సీసీపీపీ టర్కీ నుంచి తెచ్చిన అంగోరా మేకలతోనే చేరింది. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పక్క రాష్ట్రాల నుంచి కూడా జీవాలు వచ్చాయి. అంత పెద్ద ఎత్తున మందలు కదిలే చోట కొత్తవాటిని కనీసం నాలుగు వారాలు విడిగా కట్టాలి, ఎందుకంటే సీసీపీపీ బయటపడటానికి కొన్నిసార్లు అన్ని రోజులూ పడుతుంది. ఆ రోజుల్లో ఏ ఒక్కటి దగ్గినా మందు వేయకముందే స్వాబ్ తీసి పంపండి. శాంపిల్‌తో పంపే కాగితం మీద ఎన్ని జీవాలున్నాయి, ఎన్ని జబ్బుపడ్డాయి, ఎన్ని చనిపోయాయి, ఏ మందు ఏ తేదీన వేశారు, ఎక్కడి నుంచి కొన్నారు అన్నవి రాయండి. ఏ పరీక్ష ముందు పెట్టాలో మేం ఆ కాగితం చూసే నిర్ణయిస్తాం.