పోర్ట్ ఆర్థర్ ఆర్గాన్: యూజీకే సౌండ్ మీద అపోహలు – వాస్తవాలు

హ్యూస్టన్‌లో మిక్సింగ్ ఇంజినీర్‌గా పని చేస్తున్నాను. ఈ ఊరికి తూర్పున దాదాపు 90 మైళ్ల దూరంలో పోర్ట్ ఆర్థర్ అని ఒక పట్నం ఉంది. ఆయిల్ రిఫైనరీల ఊరు. అక్కడి నుంచి వచ్చిన ఇద్దరు, పింప్ సీ, బన్ బీ. వాళ్ల గ్రూపు యూజీకే, అంటే అండర్‌గ్రౌండ్ కింగ్స్. నాకు ఈ వృత్తి మీద ప్రేమ పుట్టింది వాళ్ల పాటల వల్లే. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ కుర్రాళ్లు తెలుగు రాప్ చేసి, ఎలా ఉందో చెప్పన్నా అని నాకు పంపుతుంటారు. మాటల్లో అమెరికా దక్షిణాది హిప్‌హాప్ ప్రస్తావన రాగానే అవే అభిప్రాయాలు వినిపిస్తాయి. వాటిలో కొన్ని వాళ్ల పాటల్ని పాడు చేస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఆల్బమ్‌కీ ఆల్బమ్‌కీ సౌండ్ మారిందంటే గ్రూపు అమ్ముడుపోయినట్టే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. యూజీకే 1994లో ‘సూపర్ టైట్’ తెచ్చింది. రెండేళ్లకు, 1996 జూలై 30న ‘రైడిన్ డర్టీ’ వచ్చింది. రెండూ వరసగా వింటే తేడా తెలిసిపోతుంది. రెండోదాంట్లో బేస్ గుండ్రంగా, నిదానంగా కదులుతుంది. ఆర్గాన్ వెనక నుంచి ఊపిరి తీస్తున్నట్టుంటుంది. గిటార్ ఒక మాట అని పక్కకు తప్పుకుంటుంది. పాట మొత్తం మీద దిగులు పరుచుకుని ఉంటుంది.

మరి ఎవరికి అమ్ముడుపోయారు? ఆ ఆల్బమ్ నుంచి వాళ్ల కంపెనీ జైవ్ ఒక్క పాటను కూడా విడిగా సింగిల్‌గా వదల్లేదు, ఒక్క వీడియో కూడా తీయలేదు. అయినా అమెరికా ఆల్బమ్‌ల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ 200లో 15వ స్థానంలో మొదలైంది. రేడియో కోసం మెత్తబడ్డ ఆల్బమ్ కాదది. రేడియో ఊసే లేకుండా కార్లలో, చేతి నుంచి చేతికి తిరిగిన ఆల్బమ్.

సౌండ్ మారడానికి కారణాలు పనిలోనే కనిపిస్తాయి. ఒకటి, పింప్ సీకి తోడుగా ఎన్.ఓ. జో కూర్చున్నాడు. హ్యూస్టన్ రాపర్ స్కార్‌ఫేస్‌తో 1994లో ‘ది డైరీ’ చేసినవాడు, న్యూ ఆర్లీన్స్ ఫంక్ ఒంటబట్టినవాడు. రెండోది చట్టం. 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు రాపర్ బిజ్ మార్కీ కేసులో తీర్పు చెప్పింది. పాత పాట ముక్కను అనుమతి లేకుండా వాడితే ఊరుకోబోమన్నది దాని సారం. అప్పటి నుంచి హిప్‌హాప్‌లో ప్రతి శాంపిల్‌కీ, అంటే పాత రికార్డు నుంచి తీసుకున్న ప్రతి ముక్కకీ, లెక్క మొదలైంది. పాత రికార్డు ముక్కను నేరుగా తీసుకుంటే ఇద్దరి దగ్గర అనుమతి కావాలి. పాట రాసినవాళ్లు ఒకరు, రికార్డింగు హక్కులున్నవాళ్లు ఒకరు. అదే బాణీని మళ్లీ వాయించి రికార్డు చేస్తే రెండోవాళ్ల అనుమతి అక్కర్లేదు. వాయించడం వచ్చినవాడికి ఇది పెద్ద వరం.

ఇందులో ఇంజినీరుకు కనిపించే సంగతి ఇంకొకటి ఉంది. శాంపిల్ అంటే వండేసిన పులుసు లాంటిది. బేస్, డ్రమ్ములు, గొంతు, గది ప్రతిధ్వని అన్నీ కలిసిపోయి వస్తాయి. అందులోంచి బేస్ ఒక్కటే పెంచుదామంటే కుదరదు. పైన మన డ్రమ్ములు వేస్తే పాత డ్రమ్ములతో కొట్లాడతాయి. మళ్లీ వాయించినప్పుడు మాత్రం ప్రతి వాయిద్యం తన ట్రాక్ మీద విడిగా ఉంటుంది. బేస్‌కు కావలసినంత చోటు ఇవ్వొచ్చు, ఆర్గాన్‌ను ఓ పక్కకు జరపొచ్చు. అలాగని శాంపిల్ మానేశారనుకోకండి. ఇదే ఆల్బమ్‌లోని ‘వన్ డే’లో సోల్ గ్రూపు ఐస్లీ బ్రదర్స్ 1974 నాటి పాట ముక్క ఒకటి ఉంది. ఎక్కడ ముక్క వాడాలి, ఎక్కడ చేత్తో వాయించాలి అన్న ఆ ఎంపికలోనే వాళ్ల కొత్త సౌండ్ పుట్టింది.

అపోహ: సదరన్ అంటే 808 వేయడమే.

రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980లో జపాన్ నుంచి వచ్చింది. దక్షిణాది దాన్ని గొప్పగా వాడుకుంది, కాదనను. కానీ యూజీకే గుండెకాయ వేరే చోట ఉంది. పింప్ సీ స్కూల్లో కాయిర్‌లో, అంటే బృందగానంలో, పాడినవాడు. సవతి తండ్రి సంగీతం మాస్టారు. తన పాటల్ని ‘కంట్రీ రాప్ ట్యూన్స్’ అనేవాడు. ‘ట్యూన్స్’ అన్న మాట గమనించండి. బాణీ ఉండాలి, స్వరాలు ఒకదాన్నొకటి పలకరించుకోవాలి అన్నది అతని పట్టుదల. ఆర్గాన్, గిటార్, బేస్ గిటార్, ఇవి చర్చి నుంచీ బ్లూస్ నుంచీ వచ్చినవి. నేను గుంటూరులో మా వీధి చర్చిలో ఆదివారం కీబోర్డు వింటూ పెరిగాను. ఈ పాటలు మొదటిసారి విన్నప్పుడు ఆర్గాన్ స్వరాలు మారే తీరు నాకు పరాయిగా అనిపించలేదు.

మన కుర్రాళ్లు పంపే ట్రాకుల్లో తరచూ చూసే తప్పు కూడా ఇక్కడే. యూట్యూబులో ‘సదరన్ టైప్ బీట్’ అని వెతికి, 808 నుంచి సాగే బేస్ మోత ఒకటి పెట్టి, దాని మీద ఆర్గాన్‌ను కూడా కింది స్వరాల్లోనే వాయిస్తారు. 80 నుంచి 250 హెర్ట్జ్ మధ్య రెండూ ఒకే చోట కూర్చుంటాయి. పాట బురదైపోతుంది. ఆర్గాన్‌ను ఒక స్థాయి పైకి జరపండి, ఎడమచేతి స్వరాలు తీసేయండి. స్వరాల హెచ్చుతగ్గులు సరిచేసే ఈక్వలైజర్ ముట్టుకోకుండానే సగం సమస్య తీరుతుంది.

అపోహ: నెమ్మది పాటలంటే బద్ధకం, మత్తు. అంతకుమించి ఏమీ లేదు.

హ్యూస్టన్‌లో డీజే స్క్రూ పాటల్ని నెమ్మది చేసి క్యాసెట్లు అమ్మేవాడు. 2000 నవంబరులో చనిపోయాడు. అతని చుట్టూ మత్తుమందుల కథ ఉంది, అది నిజమే, దాని వల్ల ప్రాణాలు పోయిన మాటా నిజమే. దాన్ని ఎవరూ అందంగా చూపించకూడదు. కానీ ఆ పద్ధతిని మత్తు కింద కొట్టిపారేస్తే అందులోని చేతిపని కనిపించకుండా పోతుంది.

రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు రెండు ప్రతులు పెడతాడు. ఒకటి రెండోదానికన్నా ఒక దెబ్బ వెనక నడుస్తుంది. మధ్యలో ఉన్న ఫేడర్ మీటను ఒక రికార్డు నుంచి రెండోదానికి అటూ ఇటూ కొడుతూ ఒక మాటను రెండుసార్లు పలికిస్తాడు. అంతా కలిపి టేపు మీద ఇంకా నెమ్మది చేస్తాడు. నిమిషానికి 90 దెబ్బల పాటను 70కి దించితే శ్రుతి కూడా నాలుగు స్వరస్థానాలకు పైగా కిందికి జారుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర మోగే డ్రమ్ము 39కి వస్తుంది. తాళాల మెరుపు మందగిస్తుంది, గొంతు ముసలిదైనట్టు వినిపిస్తుంది. రాపర్ మింగేసిన అక్షరం కూడా బయటికొస్తుంది. అతని దగ్గరున్న రికార్డులు వెయ్యికి పైగా ఇప్పుడు హ్యూస్టన్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

ఇక్కడి పాటలు ఎందుకింత కిందికి దిగి మోగుతాయో స్టూడియోలో కూర్చుంటే అర్థం కాదు. కారులో కూర్చోవాలి. టెక్సస్‌లో దూరాలు ఎక్కువ, పాట వినేది స్టీరింగు వెనకే. తలుపులు మూసిన కారు చిన్న పెట్టె కాబట్టి అందులో అట్టడుగు స్వరాలు సహజంగానే ఉబ్బుతాయి. డిక్కీలో పెద్ద స్పీకర్లు ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఈ పనిలో చేరిన కొత్తలో నేను ఒక రాప్ పాటను హెడ్‌ఫోన్లలో మాత్రమే మిక్స్ చేసి ఇచ్చాను. కారులో వేస్తే బేస్ మాటల్ని మింగేసింది. ఆ కుర్రాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ప్రతి మిక్సూ పార్కింగులో నా కారులో విన్నాకే పంపుతున్నాను. మీరైతే ఫోన్ స్పీకర్‌లో కూడా వినండి. అందులో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు కాబట్టి, బేస్ బాణీ అక్కడ ఏమాత్రం తెలియకపోతే పై స్వరాల్లో దానికి కొంచెం గరుకుదనం కలపాలి.

అపోహ: అండర్‌గ్రౌండ్ అంటే కంపెనీ లేకుండా, నాసిరకంగా రికార్డు చేసింది.

యూజీకే 1992 నుంచీ జైవ్‌తోనే ఉంది. సినిమా పాటల ఆల్బమ్‌లోనూ వాళ్ల పాట వచ్చింది. అండర్‌గ్రౌండ్ అన్నది వాళ్లు ఎవరికోసం పాడారో చెప్పే మాట. టేపు గరగరకూ దానికీ సంబంధం లేదు. మెంఫిస్‌లో త్రీ 6 మాఫియా అనే రాప్ గ్రూపుదీ ఇలాంటి కథే. 1995 నాటి ‘మిస్టిక్ స్టైల్జ్’ చీకటిగా, మసకగా ఉంటుంది. అందులోని ఒక పాటను వాళ్లే 1997లో కొత్తగా చేశారు. పాట అదే, శుభ్రత వేరు. మసక నచ్చినవాళ్లకు మొదటిది, క్లబ్బులో మోత కావాలనుకునేవాళ్లకు రెండోది. నాకు మొదటిదే ఇష్టం.

అపోహ: బీటే అంతా, మాటలు ఎవరు వింటారు?

బన్ బీ చరణం ఒక్కటి కాగితం మీద రాసుకుని అక్షరాలు లెక్కపెట్టండి. ప్రాస ఎక్కడ పడుతుందో, ఊపిరి ఎక్కడ తీశాడో గుర్తు పెట్టండి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం 2011లో అతన్ని పిలిచి పాఠం చెప్పించింది.

అపోహ: నంబర్ వన్ అయ్యాక ఇక పాత యూజీకే కాదు.

పింప్ సీ జైలుకు వెళ్లడంతో 2002 నుంచి 2005 చివరి దాకా గ్రూపు ఆగిపోయింది. బయట బన్ బీ ఒక్కడే, దొరికిన ప్రతి పాటలోనూ తోటివాడి పేరు తలుస్తూ గ్రూపును బతికించాడు. 2007 ఆగస్టు 7న వచ్చిన ‘అండర్‌గ్రౌండ్ కింగ్స్’ రెండు డిస్కుల ఆల్బమ్, మొదటి వారమే బిల్‌బోర్డ్‌లో ఒకటో స్థానం. అందులో అట్లాంటా రాప్ గ్రూపు అవుట్‌కాస్ట్‌తో చేసిన పాటకు త్రీ 6 మాఫియా వాళ్లు విల్లీ హచ్ 1973 నాటి సోల్ పాటను ఆధారం చేసుకున్నారు. న్యూయార్క్ పాతతరం నిర్మాత మార్లీ మార్ల్ చేసిన ట్రాక్ కూడా ఉంది. సౌండ్ మళ్లీ మారింది. ఇప్పుడు చాలామంది చేతులు పడ్డాయి, వెడల్పయింది. మధ్యలో పింప్ సీ సొంతంగా చేసిన పాటలు వస్తాయి చూడండి, అక్కడ మళ్లీ అదే నిదానం.

ఆ ఏడాదే డిసెంబరు 4న పింప్ సీ లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న వెస్ట్ హాలీవుడ్‌లో చనిపోయాడు. 33 ఏళ్లు. మిగిలిన రికార్డింగులను బన్ బీ పూర్తి చేసి 2009 మార్చిలో ‘యూజీకే 4 లైఫ్’గా తెచ్చాడు. దాన్ని రాత్రిపూట, కారులో, అద్దాలు ఎత్తేసి వినండి.